కాలువలోకి వంచిన తొట్టి: ప్రొద్దుటూరు వలస వీధుల్లో ఒక ఆదివారం

నవంబరు 16, ఆదివారం. తెల్లవారి నాలుగున్నరకు లేచి చేసిన పనులు: పాలు కాచి తోడు వేయడం, మధ్యాహ్నానికి చింతపండు పులుసు, బెండకాయ వేపుడు, సంగటికి బియ్యం నానబెట్టి పిండి కొలత మా ఆయనకు రెండుసార్లు చెప్పడం, మోటారు వేసి ట్యాంకు నింపడం, ఒక బకెట్టు బట్టలు ఉతికి ఆరేయడం. ఆరుగంటలకల్లా అన్నీ పూర్తయ్యాయి. ఆరుంబావుకు పులివెందుల బస్టాండులో ఉన్నాను.

ఈ ప్రయాణం ఒక చిన్న ప్రశ్నతో మొదలైంది. మా ఇంటి పైభాగంలో జార్ఖండ్ నుంచి వచ్చిన కుటుంబం అద్దెకు ఉంటోంది. ఆయనకు తుమ్మలపల్లె గనిలో పని. మొన్న ఆయన భార్య మిద్దెమీద వడియాలు పెట్టడానికి నాకు సాయం చేస్తూ, "మీ వాళ్ళు ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చారాంటీ?" అని అడిగింది. మేమెక్కడి నుంచి వస్తాం, మాది ఇక్కడే అని నవ్వేశాను. తర్వాత లెక్క వేసుకుంటే మా అత్తగారి అవ్వ సింహాద్రిపురం నుంచి వచ్చిందని మాత్రమే తెలుసు, అంతకుముందు సంగతి తెలియదు. ఇంట్లో వాళ్ళ సంగతే తెలియనప్పుడు ఊళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? ఆ వారంలోనే మా మహిళా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం కనిపించింది: ప్రొద్దుటూరులో బయటి నుంచి వచ్చి స్థిరపడినవారి వీధుల్లో ఆదివారం నడక, మనిషికి రెండువందల యాభై, టిఫిన్, టీ అందులోనే. అప్పుడే డబ్బు పంపేశాను.

మా ఆయనకు చెప్తే ముఖం రంగు మారింది. "ఇప్పుడున్న ధరలో బంగారమా?"

"కొనేదానికి కాదు. నడిచేదానికి."

"నడిచేదానికి పులివెందల్లో రోడ్లు ల్యావా? పొద్దుటూరుకు పోయి బంగారం కొనకుండా వచ్చిన ఆడమనిషిని నేను ఇంతవరకు చూడల్యా."

ఆయన మాటలోనూ న్యాయముంది. పెళ్ళయిన దగ్గర నుంచి నేను ప్రొద్దుటూరుకు వెళ్ళింది నాలుగుసార్లు, నాలుగుసార్లూ బంగారానికే. ప్రతిసారీ అంగట్లో తెల్లటి పరుపు మీద కూర్చుని, కూల్‌డ్రింక్ తాగి, ఎర్ర డబ్బా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ గోడ వెనక ఎవరు కూర్చుని చేస్తున్నారో ఎప్పుడూ చూడలేదు. అసలు వెళ్ళాలనిపించింది అందుకే.

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా బస్సులో రెండు గంటల లోపే ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టిక్కెట్టు ఇస్తారు, కాబట్టి పోను ఖర్చు ఏమీ లేదు. కిటికీ వైపు కూర్చుంటే ముద్దనూరు దాటాక శనగ చేలు, అక్కడక్కడ గొర్రెల మందలు కనిపిస్తాయి. జమ్మలమడుగు వైపు నుంచి, అంటే గండికోట చూసి వచ్చేవాళ్ళకు ఇంకా సులభం, అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు బస్సులు తరచుగా ఉంటాయి. బస్టాండు నుంచి నడక మొదలయ్యే టీ అంగడి దాకా షేర్ ఆటోకు ఇరవై రూపాయలు.

నడిపించే మనిషి పేరు షాహీన్. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త కువైట్‌లో డ్రైవరు. తండ్రి నగలకు మెరుగు పెట్టే పని చేసేవాడట, అందుకని ఆ సందుల్లోనే పుట్టి పెరిగింది. ఆ రోజు మేం ఆరుగురం: జమ్మలమడుగు నుంచి వచ్చిన టీచరు దంపతులు, ఇడుపులపాయ క్యాంపస్‌లో చదివే ముగ్గురు అమ్మాయిలు, నేను. షాహీన్ అందరి చెప్పుల వైపు చూసి, "హీల్సు ఎవురూ ఏసుకోలేదు, మంచిది. పోయిన వారం ఒకామె కాలవలో కాలు పెట్టింది. రాండి," అని ముందు నడిచింది.

మొదట బట్టల అంగళ్ళ సందు. రాజస్థాన్ నుంచి మూడు తరాల కిందట వచ్చిన కుటుంబాలు అక్కడున్నాయి, ఊళ్ళో బంగారు అంగళ్ళు కూడా కొన్ని వాళ్ళవేనట. ఆదివారం కాబట్టి షట్టర్లు సగం దించి ఉన్నాయి. ఒక అంగడి గట్టుమీద అరవై దాటిన సేటు పేపరు చదువుకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే, "ఏంది షాహీనూ, బంగారం ధర చూసి అందరూ నడుచుకుంటా వచ్చినారా?" అన్నాడు. ఆయన తెలుగు మా పెదనాన్న తెలుగులాగే ఉంది. మీది ఏ ఊరు సేటూ అని టీచరుగారు అడిగితే ఆయన పేపరు మడిచాడు. "ఈడ అడిగితే రాజస్థాన్ అంటా. రాజస్థాన్‌లో పెండ్లికి పోతే మద్రాసోడు వచ్చినాడు అని నన్ను కారం ఎక్కువేసిన పక్క కూర్చోబెడతారు. కారం మాత్రం బాగుంటాది కాబట్టి నేనేమీ అనను." ఆయన ఇంట్లో రొట్టెలోకి చెనిక్కాయల, అంటే వేరుశనగ పొడి నంజుకుంటారట.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే నేతవాళ్ళ వీధి. వాళ్ళ పెద్దలు కన్నడ సీమ నుంచి వచ్చారని షాహీన్ చెప్పింది. వీధి పొడుగునా పడుగు చాచి, ఇద్దరు ముసలివాళ్ళు గంజి పట్టించి కుంచెతో దువ్వుతున్నారు. ఆ దారాల కిందుగా వంగి దాటాలి తప్ప పైనుంచి దాటకూడదు. జమ్మలమడుగు టీచరమ్మది నేత ఇల్లేనట, మాకందరికీ ఎలా వంగాలో ఆమే నేర్పించింది. ఆ వీధి మలుపులోనే టిఫిన్: ఎర్రకారం దోసె, పప్పుల పొడి, పలుచటి అల్లం చట్నీ. దోసె వేసే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పులివెందలా? అయితే కారం ఇంగ రెండు గరిటెలు," అని నేను చెప్పకముందే వేసింది. రెండో దోసె కావాలంటే నలభై రూపాయలు వేరుగా ఇవ్వాలి. నేను ఇచ్చాను.

పదిన్నరకు బంగారు పనివాళ్ళ సందులోకి వచ్చాం. పెద్ద అంగళ్ళ వెనక భాగం ఇది. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకు తిరగాలి. సందు మధ్యగా మూతలేని సన్నటి కాలువ. బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని పని చేస్తున్నారు. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి ఆదివారం కూడా కొన్ని గదుల్లో చప్పుడు వినిపిస్తోంది. షాహీన్ మమ్మల్ని గోపాల్ అనే పనివాడి ఇంటికి తీసుకెళ్ళింది. ముందుగది పని గది, వెనక వంటగది, దాని వెనక చిన్న వసారా, వసారా తలుపు తీస్తే కాలువ. గోపాల్ తక్కువ మాట్లాడే మనిషి. భార్య మితా మాత్రం గలగలా మాట్లాడుతుంది. వాళ్ళ పాప తులికి నాలుగేళ్ళు, చెవులకు సన్నటి వెండి తీగలున్నాయి.

గోపాల్ నేలమీద కూర్చుని, ఒళ్ళో తోలుగుడ్డ పరుచుకుని ఆకురాయితో ఒక బంగారు గాజు అంచు రాస్తూ చూపించాడు. రాలిన పొడి తోలులో పడుతుంది. తోలులో పడనిది నేలమీద పడుతుంది. ఆ గదిలో తివాచీ ఉండదు, ఫ్యాను వేయరు, చీపురు వేరే గదిలోకి పోదు. ఊడ్చిన మట్టిని డబ్బాలో దాస్తారు, అది పని ఇచ్చే సేటుది. బయటికి పోయేటప్పుడు మమ్మల్ని కూడా పాదాలు దులుపుకోమంటాడని షాహీన్ నవ్వుతూ చెప్పింది. నాకు ఒక్కో సంగతీ ముద్దుగా అనిపించింది. ఇంట్లో పిండి జల్లించేటప్పుడు నేను పేపరు పరుచుకున్నట్టే ఉంది.

అంతలో మితా అందరికీ టీ ఇచ్చింది. షాహీన్ ఆ గదిలో పనిముట్ల పేర్లు చెప్తోంది, తులి అన్నం తిననని పేచీ పెడుతోంది. తాగిన గ్లాసులు అలా పెట్టి ఉంటే నాకు మనసొప్పదు. ఎనిమిది గ్లాసులు పోగుచేసి వెనక వసారాలోకి తీసుకెళ్ళాను. "అక్కా, ఉండనీ, నేను కడుగుతా," అని మితా పిలిచింది. ఏం ఫర్వాలేదమ్మా, నువ్వు పాపకు తినిపించు అని చెప్పి కుళాయి దగ్గర కూర్చున్నాను.

కుళాయి పక్కన నీలం డ్రమ్మును సగానికి కోసిన తొట్టి ఉంది. సగం దాకా నల్లటి నీళ్ళు, పైన తెట్టె, అందులో దోమపిల్లలు గింజుకుంటున్నాయి. మా వీధిలో శుక్రవారం శుక్రవారం ఆరోగ్య కార్యకర్తలు వచ్చి నిలవ నీళ్ళు పారబోయిస్తారు. పోయిన ఏడాది మా మేనకోడలికి డెంగీ వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. చిన్నపిల్ల తిరిగే ఇంట్లో ఇదేంటి, పనిలో పడి మర్చిపోయినట్టున్నారు అనుకున్నాను. వసారా తలుపు తీసి తొట్టిని కాలువలోకి వంచేశాను. అడుగున బురద మందంగా పేరుకుని ఉంది. పీచు తీసుకుని తోమి, మళ్ళీ రెండు చెంబుల నీళ్ళు పోసి అదీ వంచేశాను. తొట్టిని ఎండలో బోర్లించి, గ్లాసులు తుడిచి లోపలికి వచ్చాను. నిజం చెప్పాలంటే, ఒక మంచి పని చేశానని తృప్తిగా కూడా ఉంది.

షాహీన్ చేతులు తట్టి అందరినీ పిలిచింది. "ఇంతసేపు చూసిందంతా ఒక ఎత్తు. ఈ ఇంట్లో అన్నిటికన్నా విలువైన వస్తువు చివరికి పెట్టినా. అందరూ వెనక్కి రాండి." ముందు ఆమె, వెనక మేమందరం వసారాలోకి వెళ్ళాం. అక్కడ ఆమె ఆగిపోయింది. బోర్లించిన తొట్టి వైపు చూసింది. నీళ్ళు కారుతున్న తలుపు వైపు చూసింది.

మితా వచ్చి చూసి అక్కడే గోడకానుకుని కూలబడింది. గోపాల్ వచ్చాడు.

"ఎవురు?" అన్నాడు గోపాల్.

"నేనే," అన్నాను. "దోమలున్నాయని."

తొట్టి సంగతి అప్పుడు షాహీన్ చెప్పింది. నేల మట్టి సేటుదైతే, చేతులు కడుక్కున్న నీళ్ళు పనివాడివి. ఆ సందులో అందరూ ఒప్పుకున్న పద్ధతి అది. రోజూ పని అయ్యాక చేతులు, ముఖం ఆ తొట్టిలోనే కడుక్కుంటారు. గోళ్ళలో, చర్మంలో ఇరుక్కున్న పొడి అడుక్కు దిగుతుంది. నెలల తరబడి పేరుకున్నాక బురద ఎండబెట్టి కరిగిస్తారు. నేను పీచుతో తోమి పారబోసింది ఉగాది నుంచి పేరుకున్న అడుగు.

ఆ అడుగు ఎందుకు దాచారో మితా చెప్పింది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నయమనిపించింది. "గురువారం మా ఊరికి రైలు అక్కా. మూడేండ్లయింది పోయి. మా అత్త ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట. బంగారం ఊర్లో ఉంటారు, నా మనవరాలి చెవుల్లో తీగలా అంటాది. ఈసారి కమ్మలు పెట్టుకోనిపోతాం అని చెప్పినా. దండోరా వేసినట్ల అందరికీ చెప్పినా."

నేను చెవికున్న నా దిద్దులు విప్పబోయాను. గోపాల్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దక్కా. చూసేదానికి వచ్చినోళ్ళ దగ్గర బంగారం తీసుకున్యాడని తెలిస్తే రేపటి నుంచి నాకు ఎవురూ పని ఇయ్యరు." దుడ్లు ఇస్తానన్నా అదే మాట. నేను చేసింది దిద్దుకోవడానికి నాకున్న దారులు రెండూ అక్కడే మూసుకుపోయాయి.

"కాలవలోనే కదా పడింది, తీస్తే దొరకదా?" అంది క్యాంపస్ అమ్మాయిల్లో ఒకామె.

గోపాల్, షాహీన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "దొరుకుతాది. కానీ గడప దాటినాక అది మాది కాదు. కాలవ నాగమ్మవ్వది," అన్నాడు గోపాల్. "నేను అడగకూడదు. వచ్చిన కొత్తలో ఒకసారి కాలవలో చెయ్యి పెట్టినా. సందంతా వచ్చి నిలబడినారు."

ఆ కాలువలో మట్టి కడిగి బంగారం తీసుకునే కుటుంబాలు నాలుగున్నాయట. ఏ మలుపు నుంచి ఏ మలుపు దాకా ఎవరిదో తాతల కాలంలోనే పంచుకున్నారు. వాళ్ళ తాతలు కూడా ఈ ఊరివాళ్ళు కారు, బళ్ళారి వైపు నుంచి అంగళ్ళ వెనకే వచ్చినవాళ్ళు. పనివాడు అడగకూడదు గానీ, వంచింది నేను కాబట్టి నేను అడగవచ్చు కదా అన్నాను. షాహీన్ ఆలోచించి, "అడిగితే ఏమవుతాదో నాకు తెలీదక్కా. ఇంతవరకు ఎవురూ అడగల్యా," అంది.

నాగమ్మవ్వ ఇల్లు సందు చివర. డెబ్బై ఏళ్ళుంటాయి, ఎండలో కూర్చుని వక్కాకు దంచుకుంటోంది. ముక్కు బెజ్జం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకుంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె రోలు పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"యాభై ఏండ్లుగా ఈ కాలవ గీకుతాండా. తోమి, కడిగి, తొట్టితో సహా తెచ్చి పోసినామె ఇప్పుడు వచ్చింది! యా ఊరు మే నీది?"

"పులివెందుల అవ్వా."

"పులివెందల్లో దోమలు చస్తాండాయో లేదో గానీ, నాకు మాత్రం మంచి చేసినావు. ఇంగేంది, పో."

"ఆ పాపకు కమ్మలకు దాచుకున్నారవ్వా."

"ఆ పిల్ల కమ్మలకు దాచుకుంటే గడప లోపల పెట్టుకోవల్ల. నేనేమన్నా వాళ్ళ ఇంట్లోకి పోయి తెచ్చుకున్యానా?"

దుడ్లిస్తానని మళ్ళీ అనబోయి, గోపాల్ ముఖం గుర్తొచ్చి మానుకున్నాను. "నేనే కదా పోసింది. తీయడానికి నేను కూడా కూర్చుంటా. ఎంత దొరికితే అంత నీ చేతిలోనే పెడతా. తర్వాత నీ ఇష్టం," అన్నాను.

ఆమె నన్ను పట్టు చీర అంచు నుంచి చెప్పుల దాకా చూసింది. "ఈ చీరతోనా?"

"ఈ చీరతోనే."

"అయితే బిర్నే రా. ఆలస్యం చేస్తే పక్క మలుపోడి వాటాలోకి కొట్టుకపోతాది. వాడు నాకన్నా మొండోడు."

అదృష్టం ఏమిటంటే ఆదివారం అంగళ్ళు మూసి ఉండడంతో కాలువలో నీళ్ళ ఉరవడి లేదు. నాగమ్మవ్వ దిగువన ఇటుక, గుడ్డ అడ్డం పెట్టించింది. ఇనుప గరిటెతో బురద గీకి, బ్రష్షుతో సిమెంటు పగుళ్ళు కూడా ఊడ్చి, రెండు బకెట్లలోకి ఎత్తింది. టీచరు దంపతులకు బస్సు టైమైందని వెళ్ళిపోయారు. క్యాంపస్ అమ్మాయిలు నీళ్ళు మోసిచ్చి, వాళ్ళూ సెలవు తీసుకున్నారు. నేను కొంగు దోపి, గట్టుమీద గొంతుక్కూర్చున్నాను. లోతులేని చెక్క తట్టలో బురద వేసుకుని, నీళ్ళు పోసి, తేలికైన మన్ను పైనుంచి పోయేలా ఆడించాలి. వాసన గురించి రాయను.

"మే, సంగటి గెలికినట్ల గెలకొద్దు. ఉయ్యాల ఊపినట్ల ఊపు. బిడ్డలను కన్యావా లేదా?"

"ఇద్దరు అవ్వా."

"వాళ్ళను గూడా ఇట్లనే ఊపింటే ఈ పొద్దుకు యాడికో ఎగిరిపడింటారు. మెల్లగా."

కాసేపటికి చేయి తిరిగింది. బియ్యంలో రాళ్ళు గాలించడం తెలిసిన చేతికి ఇదేమీ కొత్త కాదు, కాకపోతే ఇక్కడ బియ్యాన్ని పారబోసి రాళ్ళను దాచుకోవాలి. మితా వసారా తలుపులో నిలబడి చూస్తూ ఉంది. దగ్గరికి రాలేదు. వస్తే అడిగినట్టవుతుందని రాలేదట, తర్వాత షాహీన్ చెప్పింది.

రెండు గంటలు పట్టింది. రెండు బకెట్ల బురద గుప్పెడు నల్ల ఇసుక అయింది. నాగమ్మవ్వ దాంట్లో పాదరసం చుక్క వేసి అరచేత్తో పిసికి, "పిల్లను బయటికి తీసుకుపోండి, ఆ పొగ మంచిది కాదు," అని చెప్పి వసారాలోనే గోపాల్‌కు అందించింది. తలుపు బార్లా తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గోపాల్ వెలిగారం చల్లి మంట ఊదాడు. మట్టిలాంటిది మొదట ఎర్రబడి, వణికి, ఒక్కసారి గుండ్రంగా ముడుచుకుంది. చల్లారాక చూస్తే జొన్నగింజ కన్నా కొంచెం పెద్ద పూస.

గోపాల్ తూకం వేశాడు. గ్రాముకు తక్కువే. తొట్టి అడుగున ఒకటిన్నర దాకా ఉంటుందని అతని అంచనా. కొంత పోయింది, అంగళ్ళ వైపు నుంచి కాలువలో కొట్టుకొచ్చింది కొంత కలిసింది. అతను ఆ పూసను పట్టకారతో తీసి నాగమ్మవ్వ అరచేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని కిందికీ మీదికీ దొర్లించింది. మితా చూపు ఆ అరచేతి మీదే ఉంది. అవ్వ చేయి మూసుకుని లేచి వెళ్ళిపోయినా తప్పు పట్టేవాళ్ళు ఆ సందులో ఒక్కరూ ఉండరు.

"యాడ ఆ పిల్ల? పిలువు," అంది.

తులి వచ్చింది. నాగమ్మవ్వ పాప గడ్డం పట్టి తల అటూ ఇటూ తిప్పింది. "ఎవుడు కుట్టినాడు ఈ చెవులు? ఒకటి పైకి, ఒకటి కిందికి. కన్ను మూసుకోని కుట్టినాడా?"

"మెడికల్ షాపులో అవ్వా," అంది మితా.

"మీ అత్త బంగారం కన్నా ముందు దాన్ని చూస్తాది, ఉండు." తర్వాత గోపాల్ వైపు తిరిగింది. "దీంట్లో ఏది నీదో ఏది నాదో ఆ దేవుడే చెప్పల్ల. సగం సగం అంటే ఇద్దరికీ ఏమీ రాదు. నాకు ముక్కుపుల్లకు ఎంత పడతాది?"

"శానా తక్కువ అవ్వా. ఇంతే," అని గోరు కొస చూపించాడు.

"అది తీసి నాకు ముక్కుపుల్ల చెయ్. మిగిలింది పిల్ల చెవులకు పెట్టు. చేసిన కూలి మాత్రం అడగద్దు. ఈ పొద్దే కావల్ల, ఈడనే కూర్చుంటా."

ముక్కుపుల్ల ఏమైందవ్వా అని షాహీన్ అడిగింది. ఆమెకు కోపం వచ్చింది. "ఏమైతాది? కాలవలో ఎవుర్దో తీస్తా తీస్తా నాది పడేసుకున్యా. పదేండ్లయింది. నవ్వినావంటే చూడు!" ముందు నవ్వింది గోపాల్. ఆ రోజు మొత్తంలో అతను నవ్వడం అప్పుడే చూశాను. మితా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

గోపాల్ గంటలోపే ముక్కుపుల్ల చేశాడు. మితా పెట్టింది. షాహీన్ ఫోన్ అద్దంలా పట్టుకుంటే నాగమ్మవ్వ ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుని, "వంకరగా ఉంది," అంది. సరిచేస్తా ఇయ్యి అని గోపాల్ చేయి చాపితే మాత్రం ఇవ్వలేదు.

నాగమ్మవ్వకు దండం పెట్టి ఏదో చెప్పబోయాను. "రెండు గంటలు మురుగులో కూర్చున్యావు. ఇంగ నీ బాకీ ఏమీ ల్యా. గమ్మున బస్సెక్కు. ఆ చీర మాత్రం నీళ్ళలో నానేసి మూడు రోజులు మర్చిపో," అంది.

మితా నాకు ఒళ్ళు రుద్దుకోవడానికి సబ్బు, మార్చుకోవడానికి తన చీర ఒకటి ఇచ్చింది. నా పాదాలు మాత్రం తొట్టిలోనే కడుక్కోమంది. ఇప్పుడు అది ఖాళీ తొట్టి కదా, మొదటి నీళ్ళు నావే పడ్డాయి. పులివెందుల బస్సు అప్పటికే పోయింది. జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడ దిగి ముప్పావుగంట ఆగి పులివెందుల బస్సు పట్టుకున్నాను. బస్టాండులో టీ, బిస్కెట్లు ఇరవై ఐదు. ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. చేతిలో డబ్బా లేదని మా ఆయన స్థిమితపడ్డాడు గానీ, ఒంటిమీద ఎవరిదో చీర చూసి కాసేపు తికమకపడ్డాడు.

ఈ నడకకు వెళ్ళేటప్పుడు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలుసుకుందామనుకున్నాను. అది తెలిసింది కూడా. కానీ ఎక్కువగా ఆలోచిస్తున్నది గోపాల్ గురించి. కళ్ళెదుట మూడడుగుల దూరంలో తన బంగారం ఉంటే అతను చేయి పెట్టలేదు. రాసిన చట్టం ఏదీ లేదు, కాపలా ఎవరూ లేరు. ఆ సందులో ఉండాలంటే కాలువ ఎవరిదో తెలిసి ఉండాలి, అంతే. రాజస్థాన్ అంగడి పొడి, బెంగాల్ చేతుల పొడి, బళ్ళారి అవ్వ తట్టలో కలిసి కరిగితే ఏ భాగం ఎవరిదో ఆవిడకే తెలియలేదు. నాలుగుసార్లు తెల్ల పరుపు మీద కూర్చున్నా నాకు కనిపించనిది, ఒకసారి కాలువ గట్టుమీద కూర్చుంటే కనిపించింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. పనివాళ్ళ ఇళ్ళలో తాగిన గ్లాసు తాగిన చోటే వదిలేయండి, నీళ్ళు ఎంత మురికిగా కనిపించినా అడగకుండా పారబోయకండి. దోమలంటే భయమైతే ఆ ఇంటివాళ్ళనే అడిగి పైన కాస్త కొబ్బరినూనె చుక్కలు వేయించండి. మితా ఇప్పుడు అదే చేస్తోంది.

గురువారం రాత్రి మితా రైల్లోంచి ఫోటో పంపింది. తులి పై బెర్తు మీద నిద్రపోతోంది, ఒక చెవి మాత్రమే కనిపిస్తోంది, దానికి పప్పుగింజంత కమ్మ. కింద మితా తెలుగులో రాసింది: "ఇంకోటి దిండు కింద పడింది, దొరికింది." ఆమె చీర ఉతికి, ఇస్త్రీ చేసి, షాహీన్ ఇంటికి కొరియర్లో పంపాను, అరవై రూపాయలు. పద్దులో రాసుకున్నాను: మితా వాళ్ళకు తొట్టి బాకీ, నవంబరు 20, చెల్లు.